ఎవరూ తొక్కని సైకిల్

ఆయుధపూజ మర్నాడు తిరుపతిలో ఆటో కోసం నిలబడటం కన్నా నడిచి పోవడం నయం. రాత్రి పొద్దుపోయేదాకా బండికి దండలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, స్నేహితులతో కూర్చున్న డ్రైవర్లు పదకొండు దాటినా ఇల్లు కదలరు. భవానీ నగర్ మలుపులో ఎండకు మాడి మాడి భానుశ్రీకి ఓపిక నశించింది. ఎదురుగా ఊరిసైకిల్ స్టాండు ఉంది, కార్పొరేషన్ అద్దెకిచ్చే సైకిళ్ళవి. ఎలాగూ తను పోతున్నది ఆ సైకిళ్ళ గొడవ మీదే. ఫోన్లో యాప్ దించుకుని, ఊరికి కొత్తగా వచ్చిన యాత్రికులు తీసుకునే ఒకరోజు పాసు తీసుకుంది. హ్యాండిల్ మధ్యన అంటించిన కోడ్‌ను స్కాన్ చేయగానే తాళం టక్కుమని ఊడింది.

ఈత, సైకిలు నేర్చుకుంటే మరచిపోరంటారు. మరచిపోనిది బుర్రే, మోకాళ్ళు కాదు. ఎయిర్ బైపాస్ రోడ్డు స్టాండుకు చేరేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది.

భానుశ్రీకి నలభై మూడేళ్ళు. సొంతూరు చిత్తూరు. పన్నెండేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల విచారణ చేసి, పై అధికారితో పడక బయటికొచ్చి, డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టింది. వచ్చే కేసుల్లో ముప్పాతిక పెళ్ళి సంబంధాలే. పిల్లోడు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా చేస్తున్నాడా, ఇదివరకే ఎక్కడైనా తాళి కట్టాడా. అలాంటి ఆఫీసు మెట్ల మీద ఈరోజు పొద్దున్నే ఉమ్మే సల్మా కూర్చుని ఉంది. ఆమె వచ్చింది సంబంధం కోసం కాదు.

ఆమె కొడుకు నవాబ్‌కు ఇరవై ఆరేళ్ళు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. కొర్లగుంటలో ఇంటి దగ్గర ఊరిసైకిల్ తీసుకుని, కంపెనీ బస్సు ఆగే చోటిదాకా తొక్కి, అక్కడి స్టాండులో పెట్టి బస్సెక్కుతాడు. దానికి నెల పాసు కార్డు ఉంది. నిన్న రాత్రి బైపాస్ స్టాండును చూసుకునే శాంతయ్య తల పగిలి పడి ఉండగా దారిన పోయేవాళ్ళు చూశారు. అంతకు కొంచెం ముందే 217 నంబరు సైకిల్‌ను కొర్లగుంటలో తీసి, ఇదే స్టాండులో పెట్టింది నవాబ్ కార్డుతోనని కంప్యూటర్ చెప్పింది. పైగా మొన్న నవాబ్, శాంతయ్యతో పదిమందిలో గొడవ పడ్డాడు. తను తిరగని తిరుగుళ్ళు తన పాసులో పడుతున్నాయని, నెల సగంలోనే పాసు అయిపోయి బస్సు తప్పిపోతోందని గొడవ. పోలీసులు అర్ధరాత్రి వచ్చి కుర్రాణ్ణి పట్టుకుపోయారు. సాయంత్రం జడ్జి ముందు పెడతారట.

"రాత్రి నీ కొడుకు యాడున్న్యాడు?" అని భానుశ్రీ అడిగింది.

"ఇంట్లోనే అమ్మా. ఒళ్ళు కాలిపోతా ఉంటే మాత్రేసి పడుకోబెట్టినా."

"చూసినోళ్ళు?"

"నేనే. తల్లి మాట ఎవురు నమ్ముతారు?"

"మీ ఆయన?"

"డిపోలో పూజ గదా. పదిన్నరకు వచ్చినాడు."

ఆమె భర్త జానీ బాషా అదే ఊరిసైకిల్ డిపోలో మెకానిక్.

"ఒకసారి జైలు గడప తొక్కినోణ్ణి ఫ్యాక్టరీలో రానిస్తారా అమ్మా? పిల్లనెవురిస్తారు?" అంది ఉమ్మే సల్మా. "సాయంత్రం లోపల ఏమన్నా చెయ్యి. నీకు పుణ్యముంటాది."

బైపాస్ స్టాండు దగ్గర జీపు ఆగి ఉంది. సీఐ బాలచంద్ర సైకిల్‌ను సాక్ష్యంగా పట్టుకుపోవడానికి వచ్చాడు. స్టాండు తాళం తీయాలంటే డిపో మనిషి కావాలి గనక జానీ బాషాను పిలిపించాడు. ఉమ్మే సల్మా కూడా అక్కడే ఉంది. భానుశ్రీ ఆఫీసు నుంచి పోయినప్పటి నుంచీ జీపు ఎక్కడికి పోతే ఆమె అక్కడికి పోతోంది. కొడుక్కు తెచ్చిన అన్నం డబ్బా స్టేషన్లో తీసుకోలేదని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

బాలచంద్రకు భానుశ్రీ అంటే గిట్టదు. కిందటేడు ఆయన ప్రమాదమని మూసేసిన లారీ కేసును ఆమె తవ్వి, తగలబెట్టింది ఓనరేనని తేల్చింది. అది పేపర్లో పడింది. ఆ కాగితపు ముక్క ఆయన ఇంకా మరచిపోలేదు.

"ఏం మేడం, ఈడ పెళ్ళికొడుకు ఎవురూ లేరే," అన్నాడు.

"పెళ్ళి కావాల్సిన పిల్లోణ్ణి మీరు లోపలేసినారు గదా సార్. ఆ విచారణకే వచ్చినా."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి జీపు అవతలికి పోయాడు. బాలచంద్ర నవ్వలేదు.

"చూసుకోండి. ముట్టుకోవద్దు. వాడి కార్డుంది, టైముంది, మొన్నటి గొడవుంది. శాంతయ్య ఈడ పడి ఉంటే, వాడు పెట్టిన సైకిల్ ఆ పక్కనే ఉండాది. ఇంగేం కావల్ల?"

"ఏమీ వద్దు. సైకిల్ చూస్తా. ఈయన్ని రెండు మాటలడుగుతా."

స్టాండంటే ఒక పొడుగాటి ఇనప పట్టా, దానికి వరసగా తాళాలు, పైన రేకు. పది సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఆ చివర ఇనప పట్టా మూల మీద ఎండిన నెత్తురు చారిక ఉంది. రెండడుగుల దూరంలో నేల మీద ఇంకో పెద్ద మరక ఉంది. రెంటికీ పోలీసులు సున్నంతో గీతలు గీశారు. రెండో మరక పక్కనే 217. భానుశ్రీ ఆ రెండు మరకల మధ్య దూరాన్ని కంటితో కొలిచి, జానీ బాషా వైపు తిరిగింది.

యాభై దాటిన మనిషి. రాత్రి నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. కొడుకు లాకప్‌లో ఉంటే ఏ తండ్రికి నిద్ర పడుతుందని ఆమె అనుకుంది.

"నిన్న పూజ ఎట్ల చేసినారు, చెప్పు."

"మధ్యాన్నమే ఊర్లో సైకిళ్ళన్నీ డిపోకు తెప్పించినాము మేడం. కడిగి, తుడిచి, బొట్లు పెట్టినాము. సాయంత్రం అయ్యవారు వచ్చి హారతిచ్చినాడు."

"బొట్లు పెట్టిందెవురు?"

"నేనే."

"నువ్వా?" అన్నాడు బాలచంద్ర.

"ఏటా నేనే సార్. దినామూ వాటిని ముట్టేది నేను. ఇంగెవురు పెడతారు?"

"ఎక్కడెక్కడ పెట్టినావు?"

"హ్యాండిల్ పిడులకు రెండు పక్కలా. బ్రేకు కడ్డీల మీద. సీటు మీద. పసుపు తడిపి పెట్టి, పైన కుంకుమ."

"తర్వాత?"

"చీకటి పడినంక వ్యాన్లో ఎక్కించి ఏ స్టాండుకు ఎన్ని కావల్లో అన్ని దించినారు. దినామూ చేసే పనే అది మేడం. ఒక స్టాండు నిండిపోతాది, ఇంకోటి ఖాళీ అయిపోతాది. ఈడివి ఎత్తి ఆడ పెట్టి సర్దల్ల."

"వ్యాన్ తోలేదెవురు?"

"కుప్పయ్య."

"ఆయన్ని పిలిపించండి."

"కుప్పయ్య నిన్న లేడు మేడం. పండక్కని ఐరాలకు పోయినాడు."

"మరి నిన్న తోలిందెవురు?"

జానీ బాషా చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి. "రామచంద్ర సారు ఎవురినో మాట్లాడినాడు. నేను డిపోలోనే ఉన్న్యా."

రామచంద్ర అంటే కాంట్రాక్టు కంపెనీ తరఫున ఊరిసైకిల్ మొత్తాన్ని నడిపే సూపర్‌వైజర్. శాంతయ్యను ఆస్పత్రిలో చేర్పించింది కూడా ఆయనే. శాంతయ్యకు వెనకా ముందూ ఎవరూ లేరు గనక రాత్రి నుంచీ ఆయనే పక్కనున్నాడని పొద్దున ఉమ్మే సల్మా చెప్పింది. మంచి మనిషంది.

చెమట తుడుచుకుందామని భానుశ్రీ చేతిరుమాలు తీసింది. ముఖం తుడిచి చూస్తే రుమాలు పసుపు, ఎరుపు. అరచేతులు చూసుకుంది. రెండూ గంధం పూసుకున్న పేరంటాలి చేతుల్లా ఉన్నాయి. తను తొక్కుకొచ్చిన సైకిల్ పిడుల మీద బొట్లు అలుక్కుపోయి ఉన్నాయి. సీటు మీద బొట్టు అసలే లేదు. అది ఎక్కడికి పోయి ఉంటుందో తెలిసి, ఆమె చున్నీ వెనక్కి లాక్కుంది.

అప్పుడు 217 వైపు చూసింది. దగ్గరికి పోయి, వంగి, ముట్టుకోకుండా చూసింది. కుడి పిడి మీద బొట్టు గుండ్రంగా ఉంది. ఎడమ పిడి మీద కూడా. బ్రేకు కడ్డీల మీద కుంకుమ రవ్వంత కూడా రాలలేదు. సీటు మధ్యన రూపాయి బిళ్ళంత బొట్టు నిన్న పెట్టింది పెట్టినట్టే ఆరిపోయి, అంచుల్లో సన్నగా పగిలింది.

ఊరంతా బొట్లు పెట్టుకున్న రోజు బొట్టునెవరు చూస్తారు? జీపుకు బొట్టుంది, తుపాకీకి బొట్టుంది, పక్క అంగట్లో తక్కెడకు కూడా బొట్టుంది.

"సార్, ఇట్ల రండి. ఈ సైకిల్ ఎవురూ తొక్కలా."

బాలచంద్ర వచ్చాడు. ఆమె చేతులు చూపించింది. తన సైకిల్ చూపించింది. 217 చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ఒప్పుకోవడం చేతకాదు, అంతే.

"ఆ వరసలో ఇంకో మూడింటికి కూడా బొట్లు అట్లనే ఉండాయి."

"ఉంటాయి. వ్యాన్లో వచ్చినవి. వాటి మీద రాత్రి నుంచి ఎవురన్నా ఎక్కినట్టు రికార్డుందా, అడగండి."

ఆయన ఫోన్ చేసి అడిగాడు. లేదన్నారు. బొట్టు చెరిగిన ప్రతిదానికీ రైడు ఉంది. బొట్టు చెరగకున్నా రైడు ఉన్నది ఒక్క 217కే.

"చేతికి గుడ్డ చుట్టుకున్న్యాడేమో," అన్నాడు బాలచంద్ర.

"గుడ్డకైతే ఇంకా ఎక్కువ అంటుకుంటాది."

"పైన పట్టుకోని ఉంటాడు."

"సార్, పిడి పట్టకుండా, బ్రేకు ముట్టకుండా, సీటు మీద కూర్చోకుండా కొర్లగుంట నుంచి ఈడికి తొక్కుకొని వచ్చినాడంటే వాణ్ణి పెట్టాల్సింది జైల్లో కాదు, సర్కస్‌లో."

ఉమ్మే సల్మా ముఖం పొద్దున్నుంచీ మొదటిసారి విచ్చుకుంది. జానీ బాషా మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

బాలచంద్రకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "పసుపు బొట్టు తీసుకపోయి జడ్జి గారికి చూపించమంటారా? కంప్యూటర్ చెప్పింది ఉండాది. కార్డు ఉండాది. మీ బొట్టు కోర్టులో నిలబడదు మేడం."

"కార్డు తిరిగింది. సైకిలూ తిరిగింది. తొక్కకుండా తిరిగిందంటే వ్యాన్లోనే తిరిగింది. ఆడ కార్డు గీకి తీసినారు, ఎక్కించినారు, ఈడ దించి మళ్ళా గీకినారు. అప్పుడు అది సర్దుడు కాదు, కంప్యూటర్‌కు రైడు. రైడ్లు తగ్గితే కాంట్రాక్టు పోతాదని పేపర్లో రాసినారు గదా. ఆ పిల్లోడు నేను తిరగని తిరుగుళ్ళు పడతా ఉండాయని మొత్తుకున్న్యాడు. మీరు దాన్ని గొడవ అన్న్యారు. అది ఫిర్యాదు."

ఆయన జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. ఎత్తి, రెండు నిమిషాలు ఊఁ కొట్టి పెట్టేశాడు. గొంతు కొంచెం మెత్తబడింది.

"రామచంద్ర. శాంతయ్యకు రవంత తెలివొచ్చిందంట గానీ డాక్టర్లు ఈడ కాదన్న్యారంట. వేలూరుకు తీసుకపోతా ఉండాడు. బయల్దేరి అరగంటయిందంట. అట్లాంటి మనుషులు కూడా ఉండారు లోకంలో."

ప్రాణం మీదికొస్తే వేలూరు పెద్దాస్పత్రికి తీసుకుపోవడం ఈ ప్రాంతంలో మామూలే. ఎవరికీ అనుమానం రాలేదు. భానుశ్రీకి కూడా రాలేదు.

"సైకిల్ ఎత్తండి. స్టేషన్లో చూసుకుందాం," అన్నాడు బాలచంద్ర.

కానిస్టేబుల్ వచ్చి హ్యాండిల్ పిడులు పట్టుకోబోయాడు. భానుశ్రీ అరిచింది. "ముట్టుకోవద్దప్పా. ఆ బొట్టు పోతే సాక్ష్యం పోతాది."

"నువ్వెత్తు," అని బాలచంద్ర జానీ బాషాకు చెప్పాడు.

జానీ బాషా తాళం తీశాడు. ఎడమ చేతిని సైకిల్ నడుము కింద దూర్చి, కుడి చేత్తో ముందు చక్రం పైనుండే ఫోర్కును పట్టి, ఒక్క ఊపున లేపాడు. హ్యాండిల్‌ను ఒంటికి తగలనివ్వలేదు. సీటు కింద తల వంచి, భుజం పక్కకు తిప్పుకుని నడిచాడు. జీపు వెనక దించేటప్పుడు కూడా పిడులను అంచుకు ఆననివ్వలేదు. అలవాటైన చేతులు అవి. ఆ పని చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. తను భక్తిగా పెట్టిన బొట్టును తనే చెరుపుకునే మనిషి కాదాయన. అంత చాటుపనిలో కూడా కాదు.

రాత్రి 217ను దించిందీ ఈ చేతులేనని భానుశ్రీకి తెలిసిపోయింది. రాత్రి వ్యాన్లోంచి 217ను దించింది ఇంకెవరైనా అయితే, తొందరలో పిడులు పట్టి ఈడ్చేసి ఉండేవాడు. బొట్లు చెరిగి ఉండేవి. నవాబ్ తొక్కాడని లోకమంతా నమ్మేది.

పక్కన ఉమ్మే సల్మా అన్నం డబ్బా పట్టుకుని, ఆశగా తన వైపే చూస్తోంది. ఈమె ఇంటి దీపం నిలబెడతానని వచ్చి తను ఏం చేస్తోంది? ముందు జానీ బాషాను పక్కకు తీసుకుపోయి మాట్లాడాలి, సీఐ చెవిన పడకుండా మాట్లాడాలి అనుకుంది. కానీ అంత వ్యవధి దొరకలేదు.

బాలచంద్ర జీపు ముందు సీట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. "ఇదిగో కార్డు. వాని జేబులోనే దొరికింది. దీనికేమంటారు మేడం?"

"అది కొత్తది సార్," అంది ఉమ్మే సల్మా. "పాతది రంజాన్ నెలలో పోయింటే, ఇది తీసుకున్న్యాడు."

బాలచంద్ర ఆమె వైపు చూశాడు. కవరు మీద ఉన్న నంబరు చూశాడు. జేబులోంచి కంప్యూటర్ కాగితం తీసి, దాని మీదున్న నంబరు చూశాడు. రెండూ ఒకటి కావు. ఇది రాత్రే చూసుకోవాల్సిన సంగతి. పేరు కలిసింది గదా అని నంబరు చూడలేదు. ఆయన ముఖం మాడిపోయింది. కానీ పోలీసు బుర్ర వెంటనే పని చేసింది.

"పాతది పోయిందన్న్యావు. మళ్ళా దొరికిందా?"

"అమ్మా, నువ్వు రవంత ఆగు," అంది భానుశ్రీ.

ఉమ్మే సల్మా ఆగలేదు. కొడుకును బయటికి లాగే తాడు చేతికి దొరికిందనుకుంది. "దొరికింది సార్. గుడ్డలుతికేటప్పుడు ప్యాంటు జేబులో దొరికింది. ఆఫీసులో ఇచ్చెయ్యమని మా ఆయన చేతికే ఇచ్చినా."

ఇచ్చానా లేదా చెప్పు అన్నట్టుగా భర్త వైపు తిరిగింది. జానీ బాషా తల ఎత్తలేదు. ఆమె చూస్తూనే ఉంది. 

"వాడు ఈడికి రాలా సార్," అన్నాడు జానీ బాషా. "కార్డు గీకింది నేను. వ్యాన్ తోలింది నేను."

ఎవరూ ఏమీ అడగకుండానే చెప్పుకుపోయాడు. ఏడాదిగా జరుగుతోంది. రామచంద్ర కార్డులిస్తాడు. సర్దే సైకిళ్ళన్నీ ఆ కార్డులతో గీకాలి. బయటివాళ్ళ పాత కార్డులైతే కంప్లైంటు వస్తుంది. ఇంట్లోవాళ్ళ కార్డయితే గొడవ ఉండదని కొడుకుది కూడా వాడాడు. కొత్త కార్డు ఇచ్చినా పాతది చావలేదు. రెంటికీ పాసు ఒక్కటే. నవాబ్ పాసు అయిపోతున్నది అందుకే.

"వానికి బస్సు తప్పిపోతా ఉందని నాకు చెప్పలా. ఏం జరుగుతా ఉందో నేను వానికి చెప్పలా. వాడు పోయి శాంతయ్యను దొంగ అన్న్యాడు. శాంతయ్య మాట పడే మనిషి కాదు సార్. రాత్రి ఈడ కాపు కాసి, నేను గీకతా ఉంటే కార్డు లాక్కున్న్యాడు. పేరు చదివినాడు. నీ కొడుకు నన్ను దొంగంటాడా, దొంగ మీ ఇంట్లోనే ఉండాడే అని చొక్కా పట్టుకున్న్యాడు. విడిపించుకుందామని తోసినా. ఆ ఇనప పట్టా మీద పడినాడు."

"తల పగిలిందా?" అన్నాడు బాలచంద్ర.

"చెవి పైన చీరుకుంది. లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాపినా. రామచంద్ర సారుకు ఫోన్ చేసినా. ఆయన ఇల్లు వెనక వీధే. నడుచుకుంటా వచ్చినాడు. నువ్వు ఇంటికి పో, వ్యాన్ ఈడనే ఉండనీ, నేను చూసుకుంటానన్న్యాడు."

"నువ్వు పోయేటప్పుడు శాంతయ్య ఎట్లున్న్యాడు?" భానుశ్రీ అడిగింది.

"తిడతా ఉన్న్యాడు మేడం. పొద్దున్నే కార్పొరేషన్ కమిషనర్ దగ్గరికే పోతా, మీ దొంగ రైడ్లన్నీ చెప్తా అని. అర్ధరాత్రి పోలీసులు వచ్చి నా కొడుకును తీసుకపోయినంక సారు ఫోన్ చేసినాడు. నీ తోపుకే పుర్రె పగిలింది, నోరు తెరిస్తే నీకు ఉరే, పిల్లోణ్ణి కంపెనీ వకీలు నాలుగు దినాల్లో బయటికి తెస్తాడు అన్న్యాడు. నేను..." 

ఉమ్మే సల్మా భర్తను దాటుకుని జీపు దగ్గరికి పోయింది. డబ్బాను జీపు మీద పెట్టింది. "సార్, నా కొడుకు బయటికొచ్చినంక ఈయన్ని లోపలికి తీసుకపోండి. ఆడ ఒకరికొకరు ఎదురు పడనీవద్దు," అంది.

 భానుశ్రీకి ఆమె ముఖం చూడటం చేతకాలేదు. గెలిచానన్న సంతోషం ఎక్కడా లేదు. కొడుకు కోసం తన గడప తొక్కిన మనిషికి మొగుణ్ణి పోగొట్టి పెట్టింది. ఆ బాధతోనే సున్నపు గీతల వైపు తిరిగింది. పట్టా మూల మీద చిన్న చారిక. రెండడుగుల అవతల నేల మీద పెద్ద మరక.

"సార్, డాక్టరు మీకేం చెప్పినాడు? దెబ్బ యాడ తగిలిందన్న్యాడు?"

"పుర్రె వెనక. ఇనప సామానుతో కొట్టింటారన్న్యాడు. చెవి పైన ఇంకో చిన్న గాయం ఉందన్న్యాడు..." బాలచంద్ర ఆ మాట సగంలో ఆపాడు.

"చెవి పైన గాయం ఈయన తోస్తే అయింది. లేచి కూర్చోని, నీళ్ళు తాగి, తిట్టిన మనిషికి పుర్రె వెనక దెబ్బ ఎట్ల తగిలింది? ఈయన పోయినంక ఈడ ఉన్నిందెవురు?"

జానీ బాషా తల ఎత్తాడు. రాత్రి నుంచీ ఆ పుర్రె పగలగొట్టింది తనేననుకున్న మనిషికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

బాలచంద్ర అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. రామచంద్ర ఫోన్ ఆపి ఉంది. ఆస్పత్రికి చేశాడు. పండగ రోజు అంబులెన్స్ ఆలస్యమవుతుందని, కంపెనీ వ్యాన్లోనే పరుపు వేసుకుని, సంతకం పెట్టి తీసుకుపోయారని అక్కడి నర్సు చెప్పింది. తోడు ఎవరున్నారంటే, ఆయనొక్కరేనంది.

"ఏ వ్యాను?" అన్నాడు జానీ బాషా. "సైకిళ్ళ వ్యానా సార్? దాంట్లో రాత్రి దించకుండా వదిలేసిన సైకిళ్ళు రెండుండాయి."

 ఆయన జేబులోంచి డిపో ఫోన్ తీసి తెరిచాడు. పోయిన సైకిళ్ళను వెతకడానికి మెకానిక్‌కు ఇచ్చిన ఫోన్ అది. తెర మీద ఊరి పటం, దాని మీద సైకిల్‌కొక చుక్క. చుక్కలన్నీ స్టాండ్ల దగ్గర గుంపులుగా ఉన్నాయి. ఆయన పటాన్ని వేలితో పడమటికి జరిపాడు. వేలూరు దారి అదే. చంద్రగిరి దాకా, అది దాటి పాకాల దాకా జరిపాడు. ఒక్క చుక్క కూడా లేదు.

"బిన్నా చూడప్పా, టైము లేదు," అన్నాడు బాలచంద్ర.

జానీ బాషా పటాన్ని ఇటు తిప్పాడు. రేణిగుంట దాటి, తూర్పున, ఊరిసైకిల్ స్టాండన్నదే లేని చోట, రెండు చుక్కలు ఒకదానికొకటి అంటుకుని కదులుతున్నాయి. ఏర్పేడు దాటాయి.

"శాంతయ్య బతికితేనే గదమ్మా ఈయన తొయ్యడం వరకే చేసినాడని తెలిసేది?" అంది ఉమ్మే సల్మా.

"శాంతయ్య ఒక్కడే చెప్పల్ల. ఆ నోరు తెరవకూడదనే రామచంద్ర ఆస్పత్రి లేని దిక్కుకు పోతా ఉండాడు," అంది భానుశ్రీ.

బాలచంద్ర జీపెక్కి వైర్‌లెస్ అందుకున్నాడు. "ఎక్కండి మేడం," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. జానీ బాషాను వెనక, 217 పక్కన కూర్చోబెట్టారు. ఎవరూ రమ్మనకపోయినా ఉమ్మే సల్మా కూడా ఎక్కింది. జీపు కదిలేటప్పుడు ఆమె భర్త చేతిలో ఫోన్ తీసుకుని, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

రెండు చుక్కలూ పెద్ద రోడ్డు వదిలి, ఎడమ పక్కకు తిరిగాయి. పటంలో పేరు లేని ఒక సన్నటి దారిలో కొంచెం దూరం పోయి, ఆగిపోయాయి.